వేవ్ ఫైళ్లలో రాసిన వివరాలు ఊడిపోకుండా కాపాడుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

విశాఖపట్నంలో క్యాసెట్లు దాచుకున్నవారికి ఉప్పుగాలి ఏం చేస్తుందో విడిగా చెప్పనక్కరలేదు. సీతమ్మధారలో మా ఇంటి రేకుపెట్టెలో ఉన్న హరికథల క్యాసెట్లలో కొన్నింటికి టేపు అంచుల వెంట తెల్లటి బూజు పట్టింది. అట్టల మీద సిరాతో రాసిన పేర్లు చెమ్మకు అలుక్కుపోవడంతో, ఏది ఏ కథో, ఏ ఊరిలో చెప్పినదో తెలుసుకోవడానికి మా నాన్నగారి జ్ఞాపకమే దిక్కయింది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఆయన చెప్తూ ఉండగా ఒక్కొక్క ఫైలుకు కథ పేరు, హరిదాసు గారి పేరు, ఊరు, సంవత్సరం పాటలు వినే ఒక ప్రోగ్రాములో ఓపికగా నింపాను. అదే పెన్‌డ్రైవును విజయనగరంలో మా పెదనాన్నగారి అబ్బాయి కంప్యూటర్‌కు తగిలిస్తే ఒక్క ఫైలుకూ ఒక్క వివరమూ లేదు. నేను రాసినదంతా ఆ ప్రోగ్రాము తన సొంత చిట్టాలో రాసుకుందే తప్ప ఫైలులో రాయలేదని అప్పుడు తెలిసింది.

ఎంపీ3 ఫైళ్లతో ఈ బాధ అంతగా ఉండదు, ఎందుకంటే అక్కడ వివరాలు ఎక్కడ రాయాలో లోకమంతా ఒక మాట మీద ఉంది. కుదించని ఆడియోలో, ముఖ్యంగా వేవ్ ఫైళ్లలో, ఆ ఏకాభిప్రాయం లేదు. పైగా వివరాలు తెలుగు లిపిలో రాయాలనుకుంటే చిక్కు రెట్టింపవుతుంది. ఈ రెండు చిక్కులనూ దాటి, ఫైలు ఏ కంప్యూటర్‌కు వెళ్లినా వివరాలు వెంట వెళ్లేలా చేసే పద్ధతిని, నేను ప్రస్తుతం పాటిస్తున్న క్రమంలోనే కింద వివరిస్తున్నాను.

ముందుగా ఫైలు లోపల ఏముందో తెలుసుకోవాలి

వేవ్ రూపాన్ని మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి 1991లో తెచ్చాయి. దాని చట్రం పేరు రిఫ్. 1985లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ రూపొందించిన ఐఎఫ్ఎఫ్ అనే చట్రమే దీనికి మూలం. ఆపిల్ వారు 1988లో తెచ్చిన ఏఐఎఫ్ఎఫ్ కూడా ఆ కుదురులోనిదే. ఈ ఫైళ్లన్నీ వరుసగా పేర్చిన పెట్టెల్లాంటివి. ఒక్కొక్క పెట్టెను చంక్ అంటారు. ప్రతి చంక్ మొదట్లో నాలుగు అక్షరాల పేరు, ఆ తరువాత నాలుగు బైట్లలో దాని పొడవు, ఆపైన సరుకు ఉంటాయి. వేవ్ ఫైలులో తప్పనిసరిగా ఉండవలసినవి రెండే: శబ్దం ఎన్ని హెర్ట్జ్‌లో, ఎన్ని బిట్లలో ఉందో చెప్పే ఎఫ్ఎంటీ చంక్, శబ్దాన్ని మోసే డేటా చంక్. తనకు తెలియని చంక్ ఎదురైతే దాని పొడవు చూసి దాటిపోవాలన్నది నియమం. వేవ్ ఫైలులో వివరాలు చేర్చగలగడానికి ఆధారం ఈ నియమమే. అవి పోవడానికి కారణం కూడా ఇదే. పాటను వినిపించే ప్రోగ్రాము దాటిపోతే నష్టం లేదు. పాటను తెరిచి మళ్లీ భద్రపరిచే ప్రోగ్రాము మాత్రం దాటిపోయిన చంక్‌ను కొత్త ఫైలులో రాయకుండా వదిలేస్తుంది.

వివరాలు రాయడానికి వాడుకలో ఉన్న చంక్‌లు ప్రధానంగా మూడు. మొదటిది లిస్ట్ చంక్‌లోని ఇన్ఫో అనే వరుస. ఇది రిఫ్‌తోపాటే పుట్టింది. ఇందులో ప్రతి వివరానికీ నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది: పేరుకు ఐఎన్ఏఎం, కళాకారుడికి ఐఏఆర్‌టీ, తేదీకి ఐసీఆర్‌డీ, వ్యాఖ్యకు ఐసీఎంటీ, హక్కులకు ఐసీఓపీ. పాట వరుస సంఖ్యకు మాత్రం అందరూ ఒప్పుకున్న గుర్తు లేదు. కొన్ని ప్రోగ్రాములు ఐటీఆర్‌కే అనీ, కొన్ని ఐపీఆర్‌టీ అనీ రాస్తాయి, అందుకే ఒకచోట కనిపించిన సంఖ్య ఇంకోచోట కనిపించదు.

రెండవది ఎంపీ3 నుంచి అరువు తెచ్చుకున్న ఐడీ3 ట్యాగును (వివరాలు నింపిన చీటీ లాంటిదాన్ని) యథాతథంగా ఒక చంక్‌లో పెట్టడం. రిఫ్ నిర్వచనంలో దీనికి చోటు లేకపోయినా వాడుక బలపడింది. ఇందులోనూ ఒక పేచీ ఉంది. ఆ చంక్ పేరును కొన్ని ప్రోగ్రాములు పెద్దబడి అక్షరాలలో రాస్తాయి, కొన్ని చిన్నబడి అక్షరాలలో రాస్తాయి. కొన్ని రెండింటినీ చదువుతాయి, కొన్ని చిన్నబడి అక్షరాలతో ఉన్నదాన్నే గుర్తుపడతాయి. వివరం ఫైలులోనే ఉన్నా ప్లేయరు లేదంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెతను ఇక్కడ అక్షరాలా వాడుకోవచ్చు.

మూడవది బెక్స్ట్ చంక్. యూరోపియన్ ప్రసార సంస్థల సమాఖ్య 1997లో ప్రకటించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ అనే పద్ధతికి గుండెకాయ ఇదే. రేడియో కేంద్రాలు, ధ్వని భాండాగారాలు దీన్నే నమ్ముకుంటాయి. ఇందులో గడులు కొలిచి కట్టినవి: వర్ణనకు 256 బైట్లు, ఫైలు తయారుచేసినవారి పేరుకు 32, వారి సూచిక సంఖ్యకు 32, తేదీకి 10, సమయానికి 8. అర్ధరాత్రి నుంచి ఎన్ని శాంపిళ్లు (శబ్దాన్ని సెకనులో వేలసార్లు కొలిచే కొలతలు) గడిచాక ఈ శబ్దం మొదలైందో చెప్పే గడి కూడా ఉంది. 48,000 హెర్ట్జ్ వద్ద సాయంత్రం 6 గంటలకు మొదలైన రికార్డింగుకు అది 311,04,00,000 అవుతుంది. ఇది సినిమా ధ్వనిలో పనిచేసేవారికి ప్రాణప్రదమే కాని పాత క్యాసెట్లకు సున్నాగా వదిలేయవచ్చు. చివరిగా కోడింగ్ హిస్టరీ అనే గడి ఉంటుంది, దానికి పొడవు పరిమితి లేదు. శబ్దం ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి, ఏ కొలతల్లో వచ్చిందో ఒక్కొక్క దశకు ఒక్కొక్క పంక్తిగా అందులో రాస్తారు.

సినిమా చిత్రీకరణలో వాడే రికార్డర్లు రాసే ఐఎక్స్ఎంఎల్ అనే చంక్ ఇంకొకటి ఉంది. మీ ఫైళ్లు అటువంటి రికార్డరు నుంచి వచ్చినవైతే దాన్ని కదపకండి. మన పనికి అంతకంటే అవసరం లేదు.

తెలుగు లిపి దగ్గర ఎందుకు తేడా వస్తుంది

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవమని మనవి. మనవాళ్ల ఫైళ్లలో పాడైపోయిన వివరాలలో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం ఇక్కడే పాడయ్యాయి.

ఇన్ఫో వరుసలోని అక్షరాలు ఏ సంకేత పద్ధతిలో ఉండాలో నిర్వచనం గట్టిగా చెప్పలేదు. ఆ సంగతి తెలపడానికి సీసెట్ అనే చంక్ ఒకటి ఉన్నా దాన్ని పట్టించుకునే ప్లేయర్లు అరుదు. ఆచరణలో పాత విండోస్ ప్రోగ్రాములు తమ యంత్రానికి ఏ కోడ్‌పేజీ (ఒక్కొక్క లిపికి విడిగా చేసిన అక్షరాల పట్టిక) అమర్చి ఉంటే అందులోనే రాస్తాయి, చదువుతాయి. రష్యను భాషకు, గ్రీకుకు అటువంటి కోడ్‌పేజీలు ఉన్నాయి కాని తెలుగుకు లేదు. విండోస్‌లో తెలుగు మొదటి నుంచీ యూనికోడ్ (అన్ని లిపులకూ కలిపి చేసిన ఒకే పట్టిక) మీదనే నడుస్తోంది. కనుక కోడ్‌పేజీ నమ్ముకున్న ప్రోగ్రాములో తెలుగు టైపు చేసి భద్రపరిస్తే ఒక్కొక్క అక్షరం స్థానంలో ఒక్కొక్క ప్రశ్నార్థకం మిగులుతుంది. బెక్స్ట్ సంగతి మరీ కఠినం: అందులోని గడులకు ఇంగ్లీషు అక్షరాల ఆస్కీ తప్ప వేరొకటి పనికిరాదు.

ఆస్కీ నియమాన్ని పక్కన పెట్టి, యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో తెలుగు రాసినా చోటు సరిపోదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ వేర్వేరు సంకేతాలు, ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది. ‘ఆదిభట్ల నారాయణదాసు’ అని రాస్తే 17 సంకేతాలు, నడుమ ఒక ఖాళీ, వెరసి 52 బైట్లు. హరికథకు పితామహుడనిపించుకున్న ఆయన పేరే 32 బైట్ల గడిలో పట్టదు. అదే ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఖాళీలతో కలిపి 23 బైట్లలో సుఖంగా ఇముడుతుంది. 256 బైట్ల వర్ణన గడిలో తెలుగు సంకేతాలు 85 మాత్రమే పడతాయి. అంతకు మించితే గడి నిండిన చోట ఒక అక్షరం సగంలో తెగిపోయి, కొన్ని ప్రోగ్రాములలో ఆ గడి అంతా చదవడానికి వీలులేనిదిగా మారుతుంది.

తెలుగుకు నిశ్చింతగా చోటిచ్చేది ఐడీ3 ఒక్కటే. దాని 2.3 రూపంలో యూటీఎఫ్-16, 2.4 రూపంలో దానికి తోడు యూటీఎఫ్-8 అధికారికంగా ఉన్నాయి. పాత ప్లేయర్లు 2.4ను చూసి తడబడటం ఉంది కాబట్టి నేను 2.3 రూపం, యూటీఎఫ్-16 వాడతాను. ఇందులో తెలుగు సంకేతానికి రెండే బైట్లు కావడం అదనపు లాభం.

ఇప్పటికే పాడైన ఫైళ్లు మీ దగ్గర ఉంటే, వాటి రోగమేమిటో, కనిపించే పేరును చూసే చెప్పవచ్చు. వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే అసలు అక్షరాలు శాశ్వతంగా పోయినట్టే, మళ్లీ టైపు చేయడం తప్ప దారి లేదు. నెత్తిన గీత ఉన్న చిన్న ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు గాని కూడిక-తీసివేత కలిసిన గుర్తు గాని పదేపదే కనిపిస్తే భయం లేదు. అది యూటీఎఫ్-8 తెలుగే, ప్రోగ్రాము దాన్ని పడమటి దేశాల కోడ్‌పేజీగా చదువుతోంది, సంకేత పద్ధతి మార్చి చదివిస్తే అక్షరాలు తిరిగి వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా కనిపిస్తూ పై రెండు లక్షణాలూ లేకపోతే, ఆ పేరును ఎవరో అను ఫాంటు వంటి యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంటులో టైపు చేసి అతికించారని అనుమానించవచ్చు. అచ్చుపనివారి దగ్గర నుంచి తెచ్చుకున్న కార్యక్రమ పత్రాల నుంచి పేర్లు తీసుకున్నప్పుడు ఇలా జరుగుతుంది.

మరొక సూక్ష్మం ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి కింద ఐత్వపు గుర్తు తగిలించి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. ‘భైరవి’ అని వెతికితే మీ దగ్గరున్న భైరవి రాగపు రికార్డింగులలో సగమే దొరికాయంటే కారణం ఇదై ఉండవచ్చు. పొల్లు తరువాత అక్షరం వత్తుగా మారకుండా కీబోర్డు చొప్పించే కంటికి కనబడని గుర్తు కూడా ఇలాగే వెతుకులాటను దెబ్బతీస్తుంది. పేర్లన్నీ ఒకే కీబోర్డుతో, ఒకే పద్ధతిలో టైపు చేయడం ఇందుకు సులువైన నివారణ.

మొదటి పని: జాబితా

ట్యాగులు రాసే ప్రోగ్రాము తెరవడానికి ముందే అన్ని వివరాలనూ ఒక పట్టికలో రాసుకోవాలి. నా పట్టికలో నిలువు గడులు ఇవి: క్యాసెట్ సంఖ్య, వైపు, కథ పేరు తెలుగులో, అదే ఇంగ్లీషు అక్షరాలలో, హరిదాసు గారి పేరు రెండు లిపులలో, వంతపాట, మృదంగం వారి పేర్లు, ఊరు, సందర్భం, తేదీ, క్యాసెట్‌ను డిజిటల్ చేసిన తేదీ, వాడిన డెక్కు (క్యాసెట్ వాయించే యంత్రం). తేదీ పూర్తిగా తెలియకపోతే సంవత్సరం మాత్రమే రాయాలి. ‘సింహాచలం చందనోత్సవం నాడు’ అని నాన్నగారు చెప్పినప్పుడు, సంవత్సరం తెలిస్తే ఆ ఏటి పంచాంగంలో వైశాఖ శుద్ధ తదియ చూసి తేదీ పట్టుకోవచ్చు. సంవత్సరమే తెలియనప్పుడు ఊహించి రాయడం కంటే గడిని ఖాళీగా ఉంచడం మేలు.

ఈ పట్టికను కామాలతో విడదీసిన పాఠ్యంగా భద్రపరిచేటప్పుడు ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఉన్న రకాన్నే ఎంచుకోండి. మామూలు రకం ఎంచుకుంటే తెలుగు అక్కడే ప్రశ్నార్థకాలుగా మారి, మీ జాబితా కూడా పోతుంది. ఈ పట్టిక ఎప్పుడూ ఆడియో ఫైళ్లున్న ఫోల్డరులోనే ఉండాలి. ఫైలులోని ట్యాగులు ఎంత జాగ్రత్తగా రాసినా ఏదో ఒక రోజు ఏదో ఒక ప్రోగ్రాము వాటిని తుడిచేస్తుందని అనుకునే పని మొదలుపెట్టాలి.

రెండవ పని: ఫైలు పేరు, ఫైలు పరిమాణం

ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతలు మాత్రమే వాడండి. ముందు ఎనిమిది అంకెల తేదీ, తరువాత క్యాసెట్ సంఖ్య, వైపు, చివర కథకు పొట్టి పేరు చాలు. ట్యాగులన్నీ పోయినా ఈ పేరు ఆధారంగా పట్టికలోని వరుసను పట్టుకోగలగాలి, అంతకంటే ఎక్కువ భారం దాని మీద వేయకూడదు.

పరిమాణం గురించి లెక్క వేసుకోవడం అవసరం. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం తన మార్గదర్శకాలలో కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు సూచిస్తుంది. ఆ కొలతలో స్టీరియో శబ్దం సెకనుకు 2,88,000 బైట్లు తీసుకుంటుంది, అంటే సీ-90 క్యాసెట్‌లో 45 నిమిషాల ఒక వైపుకు దాదాపు 78 కోట్ల బైట్లు. 96 కిలోహెర్ట్జ్‌లో తీస్తే దానికి రెట్టింపు. రిఫ్ చట్రంలో పొడవును నాలుగు బైట్లలోనే రాస్తారు కనుక మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో ఆ గీత 2 గంటల 4 నిమిషాలకే వస్తుంది. రాత్రంతా సాగిన హరికథను ఒకే ఫైలుగా అతకాలని చూస్తే ఈ గోడకు తలకొట్టుకుంటారు. ఆ గీత దాటిన ఫైళ్లకు ఆర్ఎఫ్64 అనే రూపం ఉంది కాని దానికి ట్యాగులు రాసే ప్రోగ్రాములు తక్కువ. క్యాసెట్ వైపుకు ఒక ఫైలుగా ఉంచుకుంటే ఈ గొడవే లేదు.

రికార్డు చేస్తూ ఉండగా కరెంటు పోయిన ఫైళ్లను వేరు పెట్టండి. వాటి తలభాగంలో పొడవు సున్నాగానో తప్పుగానో మిగిలి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ట్యాగు రాస్తే కొత్త చంక్ శబ్దం మధ్యలో పడే ప్రమాదం ఉంది. ముందు అటువంటి ఫైలును శబ్దాన్ని దిద్దే ఆడాసిటీ అనే ప్రోగ్రాములో ముడి డేటాగా తెచ్చుకుని కొత్త ఫైలుగా భద్రపరచాలి, ఆ తరువాతే ట్యాగుల సంగతి.

మూడవ పని: శబ్దానికి వేలిముద్ర

ట్యాగు రాసేటప్పుడు శబ్దంలో ఒక్క బిట్టు కూడా మారకూడదు. మారలేదని రుజువు కావాలంటే బిట్లన్నిటినీ కలిపి వేలిముద్రలాంటి ఒక పొట్టి సంఖ్యను తీసే ఎండీ5 అనే లెక్క ఉంది. అయితే ఫైలు మొత్తానికి ఎండీ5 తీస్తే ఒక్క అక్షరం ట్యాగు మార్చినా అది మారిపోతుంది, మనకు ఉపయోగం లేదు. డేటా చంక్‌కు మాత్రమే ఎండీ5 తీయాలి. ఆ పని చేసే ఉచిత ప్రోగ్రాము బీడబ్ల్యూఎఫ్ మెటాఎడిట్. అమెరికా ప్రభుత్వ సంస్థల డిజిటలీకరణ మార్గదర్శకాల బృందం పూనికతో తయారైన ఈ ప్రోగ్రాము విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. ఇది శబ్దపు ఎండీ5ను లెక్కించడమే కాక ఫైలులోనే ఒక చంక్‌గా పొందుపరచగలదు, తరువాత ఎప్పుడైనా సరిచూడగలదు. ట్యాగులు ఒక్కటీ రాయకముందే ఈ పని పూర్తిచేయండి. అంతకన్నా ముందు ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కులోకి ఒక నకలు తీయండి.

నాలుగవ పని: బెక్స్ట్, ఇన్ఫో

ఫైళ్లను బీడబ్ల్యూఎఫ్ మెటాఎడిట్‌లోకి లాగి వదిలితే ఒక్కొక్క ఫైలు ఒక్కొక్క వరుసగా కనిపిస్తుంది. బెక్స్ట్ వర్ణన గడిలో ఇంగ్లీషు అక్షరాలతో కథ పేరు, కళాకారుడు, ఊరు, ప్రదర్శన తేదీ వరుసగా రాయండి. తయారుచేసినవారి గడిలో మీ పేరో మీ సంస్థ పేరో రాయాలి. అక్కడ కళాకారుడి పేరు రాయడం తరచుగా జరిగే పొరపాటు. తేదీ గడిలో నేను క్యాసెట్‌ను డిజిటల్ చేసిన రోజునే రాస్తాను, ఎందుకంటే బెక్స్ట్ ఈ ఫైలు చరిత్రను చెప్పేది. కథ చెప్పిన రోజు వర్ణనలో, మిగతా ట్యాగులలో ఉంటుంది. కోడింగ్ హిస్టరీలో మొదటి పంక్తి అనలాగ్ క్యాసెట్, స్టీరియోనా మోనోనా, ఏ డెక్కు అన్నది. రెండవ పంక్తి పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం), 48,000, 24, ఏ సౌండ్ కార్డు అన్నది. ఇప్పుడు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. ఏడాది గడిచాక రెండు ఫైళ్లలో ఒకదానిలో మాత్రమే బుస శబ్దం ఎందుకు ఎక్కువగా ఉందో వెతకవలసి వచ్చినప్పుడు నాకు దొరికిన జవాబు ఈ రెండు పంక్తులలోనే ఉంది.

ఇన్ఫో వరుసను కూడా ఇక్కడే, ఇంగ్లీషు అక్షరాలతోనే నింపండి. తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో రాయడం మనసుకు కొంచెం వెలితిగానే ఉంటుంది. కాని ఇన్ఫోను చదివే ప్రోగ్రాము ఎలాంటిదో మనకు తెలియదు, ప్రశ్నార్థకాల కంటే ఇంగ్లీషు లిపి నయం.

బెక్స్ట్ సాధారణంగా శబ్దానికి ముందు ఉంటుంది. దానికి ముందుగా చోటు లేకపోతే ప్రోగ్రాము ఫైలు మొత్తాన్ని కొత్తగా రాయవలసి వస్తుంది. ఒకటిన్నర జీబీ ఫైలు సగం రాశాక కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, అందులోనూ వానాకాలపు సాయంత్రాలలో, ఈ పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండాలి, ఫైళ్లు పెన్‌డ్రైవు మీద కాక లోపలి డిస్కు మీద ఉండాలి.

అయిదవ పని: తెలుగులో ఐడీ3

దీనికి నేను కిడ్3 అనే ఉచిత ప్రోగ్రాము వాడతాను. వేవ్ ఫైలు తెరిస్తే ఇందులో రెండవ ట్యాగుగా ఐడీ3, మూడవ ట్యాగుగా ఇన్ఫో కనిపిస్తాయి. మొదలుపెట్టే ముందు అమరికలలో మూడు చోట్ల చూడాలి. ఐడీ3 రూపం 2.3గా, అక్షర సంకేతం యూటీఎఫ్-16గా ఉండాలి. రిఫ్ విభాగంలో ఐడీ3 చంక్ పేరును చిన్నబడి అక్షరాలలో రాయమనే ఎంపిక ఉంటుంది, దాన్ని పెట్టుకోండి. చిన్నబడి పేరును మాత్రమే గుర్తించే ఫూబార్2000 వంటి ప్లేయర్లలోనూ అప్పుడు వివరాలు కనిపిస్తాయి. అక్కడే పాట సంఖ్యకు ఏ గుర్తు వాడాలో కూడా ఎంచుకోవచ్చు; ఒకసారి ఎంచుకున్నదాన్ని మధ్యలో మార్చకండి.

ఆపైన రెండవ ట్యాగులో తెలుగు పేర్లు నింపండి. ఆల్బమ్ గడిలో నేను క్యాసెట్ సంఖ్యను, సందర్భాన్ని కలిపి రాస్తాను. వ్యాఖ్య గడిలో చోటుకు కొదవ లేదు కాబట్టి వంతపాట వారి పేర్లు, నాన్నగారు చెప్పిన ముచ్చట్లు అందులోకి వెళతాయి. మూడవ ట్యాగు జోలికి వెళ్లవద్దు, దాన్ని ముందే నింపాం. రెండు ప్రోగ్రాములతో ఒకే చంక్‌ను దిద్దితే చివరికి ఏది నిలిచిందో తెలియదు. ఐడీ3ను చివరిగా రాయడానికి కారణం అది సాధారణంగా ఫైలు చివర, శబ్దం తరువాత చేరుతుంది, ముందున్నవాటిని కదపనక్కరలేదు. కొన్ని పాత ప్లేయర్లు చంక్ పొడవును లెక్కచేయకుండా ఫైలు చివరి దాకా వినిపిస్తూ పోయి, ఈ ట్యాగును కూడా శబ్దంగా భావించి కటుక్కుమనిపిస్తాయి. అది ప్లేయరు దోషం, ఫైలుది కాదు.

మ్యాక్ మాత్రమే వాడేవారు, ఫైళ్లను బయటివారికి పంపే అవసరం లేనివారు ఏఐఎఫ్ఎఫ్ గురించి ఆలోచించవచ్చు. శబ్దంలో తేడా ఉండదు, ఐడీ3 అందులో చాలాకాలంగా స్థిరపడి ఉంది. బెక్స్ట్ మాత్రం దొరకదు.

ఆరవ పని: సరిచూడటం

రాసిన ప్రోగ్రాములోనే తెరిచి చూసి తృప్తిపడటం నేను చేసిన మొదటి తప్పు. ఫైలును పెన్‌డ్రైవులోకి నకలు తీసి, వీలైతే ఇంకొక కంప్యూటర్‌లో, ఇంకొక ప్రోగ్రాముతో తెరవాలి. ఫైలు లోపలి వివరాలను చూపే మీడియాఇన్ఫో ఇందుకు బాగుంటుంది. తరువాత వీఎల్‌సీలో వినండి, తెలుగు పేరు వత్తులతో సహా సరిగా ఉందో చూడండి. చివరగా బీడబ్ల్యూఎఫ్ మెటాఎడిట్‌లో మళ్లీ తెరిచి శబ్దపు ఎండీ5 సరిపోయిందో లేదో చూడాలి. సరిపోకపోతే ఎక్కడ తప్పు జరిగిందని తర్జనభర్జన పడకుండా ఆ ఫైలును పారేసి నకలు నుంచి మళ్లీ మొదలుపెట్టడం ఉత్తమం.

ట్యాగు రాసిన తరువాత ఫైలు చెడిందని కొన్ని ప్రోగ్రాములు ఫిర్యాదు చేయడానికి ఒక సాధారణ కారణం బేసి పొడవు. చంక్‌లోని సరుకు బేసి సంఖ్య బైట్లలో ఉంటే చివర ఒక సున్నా బైటు చేర్చి సరి చేయాలి, కాని పొడవు చెప్పే చోట దాన్ని లెక్కించకూడదు. నాసిరకం ప్రోగ్రాములు ఇది మరిచిపోతాయి, దాంతో తరువాతి చంక్ ఒక బైటు పక్కకు జరిగి ఎవరికీ కనిపించకుండా పోతుంది. ఆ ఫైలును కిడ్3లో తెరిచినప్పుడు వివరాలు ఖాళీగా కనిపిస్తే పట్టిక చూసి మళ్లీ నింపడమే సులువు.

తరువాత ఎక్కడెక్కడ ఊడిపోతాయి

శబ్దాన్ని దిద్దడానికి తెరిచినప్పుడు ఎక్కువగా పోతాయి. బుస తగ్గించడం, ముందువెనకల నిశ్శబ్దం కత్తిరించడం వంటి పనులు చేసే ప్రోగ్రాములు చాలావరకు కొత్త ఫైలునే రాస్తాయి. ఆడాసిటీ ఎగుమతి సమయంలో పేరు, కళాకారుడు వంటి గడులు చూపిస్తుంది కాని బెక్స్ట్‌ను ముందుకు తీసుకువెళ్లదు. కనుక అసలు ఫైలును ఎప్పుడూ అలాగే ఉంచి, దిద్దిన ప్రతిని వేరే పేరుతో భద్రపరచి, దానికి నాలుగు, అయిదు పనులు మళ్లీ చేయాలి. ట్యాగులో ఒక అక్షరం దిద్దడానికని ఫైలును ఆడాసిటీలో తెరిచి ఎగుమతి చేయడం మాత్రం చేయకండి. బిట్లు తగ్గించేటప్పుడు అది సన్నటి డిథర్ శబ్దాన్ని కలుపుతుంది, వినడానికి తేడా తెలియకపోయినా ఎండీ5 మారిపోతుంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు పాటగా కాక డాక్యుమెంటుగా పంపండి. అన్నిటికంటే మోసం చేసేది, నా అనుభవంలో జరిగినట్టు, సొంత చిట్టాలో రాసుకునే ప్లేయరు. దాన్ని పరీక్షించడం చాలా తేలిక: వివరాలు మార్చాక ఫైలు సవరించిన సమయం మారిందో లేదో చూడండి. మారకపోతే ఫైలులో ఏమీ రాయలేదన్నమాట. ఫోల్డరు కిటికీలో ఫైలుకు అంటించే రంగు గుర్తులు, వ్యాఖ్యలు కూడా డిస్కు చట్రంలో ఉండేవే. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవు దాటి అవి అవతలికి చేరతాయని నమ్మవద్దు.

చోటు కోసం కుదించుకోదలిస్తే శబ్దం నష్టపోని ఫ్లాక్ రూపం మంచిదే. నా అభిప్రాయంలో రోజూ వినే ప్రతికి అదే మేలు, ఎందుకంటే దాని వివరాలు మొదటి నుంచీ యూటీఎఫ్-8లోనే ఉంటాయి, తెలుగుకు ఏ అడ్డంకీ లేదు, అసలు శబ్దపు ఎండీ5 కూడా దానంతట అదే లోపల ఉంటుంది. అయితే వేవ్‌ను ఫ్లాక్‌గా మార్చేటప్పుడు పరాయి మెటాడేటాను (వేవ్ నుంచి వచ్చిన, ఫ్లాక్‌కు చెందని వివరాలను) ఉంచమనే ఎంపిక పెట్టకపోతే బెక్స్ట్ మాయమవుతుంది. తిరిగి వేవ్‌గా విప్పేటప్పుడూ అదే ఎంపిక పెట్టాలి.

నకళ్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీదికి వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో తలుపులు, కిటికీలు దాటి నీరు లోపలికి వచ్చింది. అందుకని ఒక నకలు ఇంట్లో, ఒకటి విజయనగరంలో మా పెదనాన్నగారి ఇంట్లో ఉంచుతున్నాను. ఏటా చందనోత్సవం వెళ్లిన వారంలో అక్కడికి వెళ్లి, రెండు డిస్కులలోని శబ్దపు ఎండీ5లను సరిచూసి, ఏవైనా అయిదు ఫైళ్లను అక్కడి కంప్యూటర్‌లో తెరిచి పేర్లు తెలుగులో కనిపిస్తున్నాయో లేదో చూస్తాను. పట్టికలో కొత్తగా చేరిన వరుసలుంటే అవతలి డిస్కులోని ప్రతిని కూడా అప్పుడే మారుస్తాను.